వర్చువల్‌బాక్స్‌లో డిస్క్ పెంచినా ఉబుంటులో పాత సైజే కనిపిస్తోందా? డేటా పోకుండా పెంచుకునే పద్ధతి ఇదీ

ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ రివ్యూలు దగ్గరపడే కొద్దీ హన్మకొండ, కాజీపేట వైపు ఉండే జూనియర్ల నుంచి నాకు వచ్చే మెసేజ్‌ల్లో సగం ఒకేలా ఉంటాయి. "అన్నా, వర్చువల్‌బాక్స్‌ల ఉబుంటు నిండిపోయింది. డిస్క్ 60 జీబీకి పెంచిన. అయినా లోపల 25 జీబీనే చూపిస్తోంది. మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ కొట్టాల్నా?"

వద్దు. అస్సలు వద్దు. ఆ మెషీన్‌లో మూడు నెలల కోడ్, డేటాబేస్, ఎక్కడా రాసిపెట్టుకోని సెట్టింగులు ఉంటాయి. ఇరవై నిమిషాల పనికి అవన్నీ పోగొట్టుకోవడం ఎందుకు?

ఎన్ఐటీ వరంగల్ 1959లో రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీగా మొదలైంది. అప్పటినుంచి ఈ ఊరు ఇంజినీరింగ్ స్టూడెంట్ల ఊరే. ఇప్పుడు ట్రైసిటీలో ఏ రూమ్‌కి వెళ్లినా సీన్ దాదాపు ఒకటే. నలుగురి బ్యాచ్‌కి ఒక మంచి డెస్క్‌టాప్, అందులో విండోస్, ఆ విండోస్ లోపల వర్చువల్‌బాక్స్‌లో లినక్స్. ప్రాజెక్ట్ మొత్తం ఆ ఒక్క ఫైల్‌లోనే ఉంటుంది. అందుకే ఈ ఆర్టికల్‌లో కమాండ్ల కంటే ముందు, ఏది ఎందుకు చేస్తున్నామో కాస్త నిదానంగా చెబుతా. కమాండ్లు, ఫైల్ పేర్లు పలికే తీరులో తెలుగులో రాశాను. టెర్మినల్‌లో కొట్టేటప్పుడు మాత్రం మామూలుగా ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి.

పక్క ప్లాటు కొన్నారు, ప్రహరీ జరపలేదు

డిస్క్ పెంచినా లోపల కనిపించకపోవడానికి కారణం సింపుల్. మీ ఇంటి పక్కనే ఖాళీ ప్లాటు ఉంది, కొనేశారు, రిజిస్ట్రేషన్ కూడా అయిపోయింది. కాగితాల మీద స్థలం 500 గజాలు. కానీ ప్రహరీ గోడ ఇంకా పాత చోటే ఉంది. గోడ జరపాలి. గోడ జరిపినంత మాత్రాన హాల్ పెద్దది కాదు, దాన్నీ పొడిగించి కట్టుకోవాలి.

వర్చువల్ మెషీన్‌లో కూడా ఇవే మూడు మెట్లు. మొదటిది వర్చువల్ డిస్క్, అంటే విండోస్‌లో కనిపించే ఆ పెద్ద వీడీఐ ఫైల్. ఇది ప్లాటు. రెండోది దాని లోపలి పార్టిషన్. ఇది ప్రహరీ. మూడోది పార్టిషన్ లోపలి ఫైల్ సిస్టమ్, ఉబుంటులో ఈఎక్స్‌టీ4, విండోస్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్. మీరు సామాను పెట్టుకునే గది ఇదే. వర్చువల్‌బాక్స్ చేతిలో ఉన్నది మొదటి మెట్టు ఒక్కటే. మిగతా రెండూ గెస్ట్ ఆపరేటింగ్ సిస్టమ్ వైపు నుంచి మనమే చేసుకోవాలి. చాలామంది మొదటి మెట్టు దగ్గరే ఆగి, పని చేయట్లేదు అనుకుంటారు.

ముందు చూడాల్సింది: నిజంగా పెంచాలా?

టెర్మినల్ తెరిచి "డీఎఫ్ హైఫన్ హెచ్" కొట్టండి. స్లాష్ గుర్తు ఒక్కటే ఉన్న లైన్ మీ రూట్ పార్టిషన్. అక్కడ 100 శాతం ఉంటే నిండినట్టే. నిండలేదని చూపిస్తూనే "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అంటోందా? అయితే "డీఎఫ్ హైఫన్ ఐ" కొట్టి చూడండి. ఖాళీ ఉన్నా ఐనోడ్‌లు అయిపోవచ్చు. నోడ్ ప్రాజెక్ట్‌లు నాలుగైదు ఉంటే, ఆ నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్లలోని లక్షల చిన్న ఫైళ్లు చేసే పని ఇది.

ఎవరు తింటున్నారో తెలుసుకోవడానికి ఉబుంటులో డిస్క్ యూసేజ్ అనలైజర్ అనే యాప్ ఉంది, బొమ్మ గీసి చూపిస్తుంది. నా అనుభవంలో దొంగలు ఎక్కువగా వీళ్లే: డాకర్ ఇమేజ్‌లు, పిప్, కాండా క్యాష్‌లు, ఆండ్రాయిడ్ స్టూడియో ఎమ్యులేటర్లు, పాత సిస్టమ్ లాగ్‌లు. "సుడో ఆప్ట్ క్లీన్" కొడితే డౌన్‌లోడ్ అయిన ప్యాకేజీ ఫైళ్లు పోతాయి. "సుడో జర్నల్‌సీటీఎల్" పక్కన "వాక్యూమ్ సైజ్" ఆప్షన్‌కి 100 ఎం ఇస్తే లాగ్‌లు తగ్గుతాయి. "డాకర్ సిస్టమ్ ప్రూన్" మాత్రం ఆలోచించి కొట్టండి. ఆగిపోయి ఉన్న కంటైనర్లన్నిటినీ అది తీసేస్తుంది. వాల్యూమ్‌లను మామూలుగా ముట్టుకోదు. కానీ మీరే "వాల్యూమ్స్" ఆప్షన్ కలిపి కొడితే వాటికీ గ్యారంటీ లేదు, మీ డేటాబేస్ అందులో ఉంటే తర్వాత ఏడ్చి లాభం లేదు.

ఉబుంటు సర్వర్ వాడేవాళ్లకి ఒక శుభవార్త. సర్వర్ ఇన్‌స్టాలర్ డిఫాల్ట్‌గా ఎల్‌వీఎం పెడుతుంది, పైగా ఉన్న స్థలం మొత్తం వాడదు. 20 నుంచి 200 జీబీ మధ్య డిస్క్ ఇస్తే రూట్‌కి అందులో దాదాపు సగమే ఇస్తుంది. మిగతా సగం ఎవరికీ ఇవ్వకుండా పక్కన ఉంచుతుంది. అంటే 50 జీబీ డిస్క్ ఇచ్చి, లోపల పాతిక జీబీ కూడా లేదే అని తల పట్టుకున్న వాళ్లకి అసలు డిస్క్ పెంచాల్సిన పనే లేదు. "సుడో వీజీఎస్" కొట్టి చూడండి. చివరి కాలమ్ వీఫ్రీలో సంఖ్య కనిపిస్తే ఆ స్థలం మీదే. దాన్ని ఎలా కలపాలో కింద ఎల్‌వీఎం దగ్గర చెబుతా.

హోస్ట్‌లో చోటుందా, బ్యాకప్ ఎక్కడ?

వర్చువల్‌బాక్స్‌లో మామూలుగా తయారయ్యే డిస్క్ డైనమిక్ రకం. 25 జీబీ అని మీరు చెప్పినా మొదటి రోజే విండోస్‌లో 25 జీబీ పట్టదు. లోపల వాడుతున్న కొద్దీ ఫైల్ పెరుగుతుంది. కాబట్టి 60 జీబీ అనేది ఒక మాట ఇవ్వడం లాంటిది, వెంటనే ఇచ్చేయడం కాదు. మాట ఇచ్చేముందు జేబు చూసుకోవాలి కదా. 256 జీబీ ఎస్ఎస్‌డీ అని కొన్నది విండోస్‌లో 238 అనే కనిపిస్తుంది. కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024తో లెక్కేస్తుంది, తేడా అంతే. అందులో విండోస్, గేమ్‌లు, సినిమాలు పోను 20 జీబీ మిగిలి ఉంటే, గెస్ట్‌కి 100 జీబీ మాట ఇవ్వడం రిస్క్. హోస్ట్ డిస్క్ నిండిన క్షణంలో వర్చువల్‌బాక్స్ మెషీన్‌ని పాజ్ చేసి, డిస్క్ ఫుల్ అని ఎర్రర్ ఇస్తుంది. అప్పుడు కంగారుపడి పవర్ ఆఫ్ కొట్టకండి. విండోస్‌లో ఏదైనా తీసేసి కాస్త చోటు చేసి, మళ్లీ రిజ్యూమ్ చేస్తే చాలావరకు ఆగిన చోటి నుంచే నడుస్తుంది.

ఇప్పుడు బ్యాకప్. ఇది దాటేసి ముందుకెళ్లకండి. మెషీన్‌ని లోపలి నుంచి పూర్తిగా షట్‌డౌన్ చేయండి. సేవ్ స్టేట్ కాదు, షట్‌డౌన్. తర్వాత ఆ మెషీన్ ఫోల్డర్ మొత్తాన్ని వేరే డ్రైవ్‌లోకి కాపీ చేయండి. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తుంటే "ఫైల్ టూ లార్జ్" అని వస్తే, ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉన్నట్టు. అందులో ఒక్క ఫైల్ 4 జీబీ దాటి పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చుకోండి, అయితే అందులో ఉన్నవన్నీ పోతాయి, చూసుకుని ఫార్మాట్ చేయండి. అంత చోటు ఎక్కడా లేకపోతే కనీసం కోడ్‌ని గిట్‌లోకి పుష్ చేసి, డేటాబేస్‌ని డంప్ తీసి మెయిల్‌లోనో డ్రైవ్‌లోనో పెట్టుకోండి.

డెస్క్‌టాప్ వాడేవాళ్లకి ఇంకో మాట. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది, డెస్క్‌టాప్‌కి ఉండదు. పార్టిషన్‌ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరుపుతున్నప్పుడు కరెంట్ పోతే ఆ పార్టిషన్ సగం ఇక్కడ, సగం అక్కడ ఉండిపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం, గాలివాన వచ్చే సాయంత్రం ఈ పని పెట్టుకోకండి. యూపీఎస్ ఉంటే దాని మీద చేయండి.

స్నాప్‌షాట్‌లు ఉంటే ఇక్కడే ఇరుక్కుంటారు

స్నాప్‌షాట్ తీసిన ప్రతిసారీ వర్చువల్‌బాక్స్ అసలు డిస్క్‌ని అలాగే ఆపేసి, ఆ తర్వాతి మార్పులన్నీ కొత్త ఫైల్‌లో రాస్తుంది. మీరు అసలు డిస్క్‌ని పెంచినా, మెషీన్ వాడుతున్నది ఆ చివరి ఫైల్‌ని. దాని సైజ్ పాతదే. అందుకే "డిస్క్ మేనేజర్‌లో 60 అంటోంది, లోపల 25 అంటోంది" అనే కేసుల్లో చాలావాటికి కారణం స్నాప్‌షాటే.

స్నాప్‌షాట్‌ని డిలీట్ చేయడం అంటే డేటాని డిలీట్ చేయడం కాదు. ఆ మార్పులను అసలు డిస్క్‌లో కలపడం. ఇప్పుడున్న స్థితి అలాగే ఉంటుంది, వెనక్కి వెళ్లే దారి మాత్రం పోతుంది. అయితే కలిపేటప్పుడు హోస్ట్‌లో తాత్కాలికంగా చోటు కావాలి. నాకు మాత్రం క్లోన్ పద్ధతే నచ్చుతుంది. మెషీన్ మీద రైట్ క్లిక్ చేసి క్లోన్ ఎంచుకుని, ఫుల్ క్లోన్, కరెంట్ మెషీన్ స్టేట్ అని ఇవ్వండి. స్నాప్‌షాట్‌లు లేని శుభ్రమైన కొత్త మెషీన్ వస్తుంది. పాతది అలాగే బ్యాకప్‌గా ఉంటుంది. ఒక్క దెబ్బకి రెండు పనులు. చోటు ఉంటే ఇదే చేయండి.

మొదటి మెట్టు: డిస్క్ ఫైల్‌ని పెంచడం

వర్చువల్‌బాక్స్ 7లో ఫైల్ మెనూ, అందులో టూల్స్, అందులో వర్చువల్ మీడియా మేనేజర్. కొత్త వెర్షన్లలో ఎడమ వైపు టూల్స్ దగ్గర మీడియా అని కూడా ఉంటుంది. మీ డిస్క్‌ని ఎంచుకుంటే కింద సైజ్ స్లైడర్ వస్తుంది. 60 జీబీ అని టైప్ చేసి అప్లై కొట్టండి. రెండు సెకన్ల పని.

ఒకటి గుర్తుపెట్టుకోండి, ఈ స్లైడర్ వన్ వే. పెంచగలరు, తగ్గించలేరు. కాబట్టి పోనీలే అని 500 పెట్టకండి. ప్రాజెక్ట్ మెషీన్‌కి 60 నుంచి 80 జీబీ చాలు.

కమాండ్ లైన్ ఇష్టపడేవాళ్లకి "వీబాక్స్‌మేనేజ్ మోడిఫైమీడియం డిస్క్", ఆ తర్వాత ఫైల్ పాత్, ఆ తర్వాత "రీసైజ్" ఆప్షన్‌కి సైజ్. ఇక్కడ సైజ్ ఎంబీల్లో ఇవ్వాలి. 60 జీబీకి 60 ఇంటు 1024, అంటే 61440.

స్లైడర్ కదలకపోతే మీ డిస్క్ వీఎండీకే రకం అయి ఉండొచ్చు. వర్చువల్‌బాక్స్ వీడీఐ, వీహెచ్‌డీలనే పెంచుతుంది, వీఎండీకేని పెంచదు. "నేను వీఎండీకే తయారుచేయలేదే" అంటారా? సీనియర్ ఇచ్చిన ఓవీఏ ఫైల్‌ని ఇంపోర్ట్ చేసి ఉంటారు. ఓవీఏ లోపల ఉండేది వీఎండీకేనే. ఇంపోర్ట్ చేసేటప్పుడు కింద "ఇంపోర్ట్ హార్డ్ డ్రైవ్స్ యాజ్ వీడీఐ" అనే టిక్ ఉంటుంది, అది ఉంటే ఈ గొడవే రాదు. ఇప్పుడు చేయాల్సింది మీడియా మేనేజర్‌లో ఆ డిస్క్‌ని కాపీ కొట్టి, కొత్తదాని రకం వీడీఐ అని ఇచ్చి, మెషీన్ సెట్టింగ్స్ స్టోరేజ్‌లో పాతదాని బదులు కొత్తది తగిలించడం. ఆ తర్వాత స్లైడర్ మామూలే.

రెండు, మూడు మెట్లు: ఉబుంటు డెస్క్‌టాప్ లోపల

మెషీన్ ఆన్ చేశారు. లాగిన్ స్క్రీన్ వచ్చింది, పాస్‌వర్డ్ కొడితే మళ్లీ లాగిన్ స్క్రీనే వస్తోంది. గత సెమిస్టర్‌లో నయీంనగర్‌లో ఉండే ఒక జూనియర్ బ్యాచ్‌కి అచ్చం ఇదే జరిగింది. పాస్‌వర్డ్ తప్పేమో అని గంటసేపు ప్రయత్నించారట. పాస్‌వర్డ్ కరెక్టే. డెస్క్‌టాప్ మొదలవడానికి కొన్ని చిన్న ఫైళ్లు రాసుకోవాలి, రాసుకోవడానికి చోటు లేదు, అందుకే వెనక్కి తోసేస్తోంది.

ఇలాంటప్పుడు కుడివైపు కంట్రోల్ పట్టుకుని ఎఫ్3 నొక్కండి. వర్చువల్‌బాక్స్‌లో అది హోస్ట్ కీ. గెస్ట్‌కి కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కినట్టు వెళ్తుంది. నల్ల స్క్రీన్ మీద టెక్స్ట్ లాగిన్ వస్తుంది. అక్కడ పేరు, పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లొచ్చు. ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం స్థలాన్ని రూట్ యూజర్ కోసం దాచిపెడుతుంది. 25 జీబీలో అది జీబీ పైచిలుకు. డీఎఫ్ 100 శాతం అని చూపించినా సుడోతో చేసే పనులు నడిచేది ఆ దాచిన స్థలం వల్లే. కానీ డాకర్ కూడా రూట్‌గానే నడుస్తుంది కాబట్టి, నింపింది డాకర్ అయితే అది కూడా మిగలదు. ఆ బ్యాచ్‌ది అదే కేసు. ముందు ఆప్ట్ క్లీన్, జర్నల్ వాక్యూమ్ కొట్టించాను. 600 ఎంబీ దాకా దొరికింది. పని మొదలుపెట్టడానికి అది చాలు.

ఇప్పుడు "ఎల్‌ఎస్‌బీఎల్‌కే" కొట్టండి. ఎస్‌డీఏ 60 జీ అని, దాని కింద కొమ్మల్లా ఎస్‌డీఏ1, ఎస్‌డీఏ2 అని వస్తాయి. స్లాష్ గుర్తు దేని పక్కన ఉందో అదే మీ రూట్. ఉబుంటు 24.04లో చాలామందికి ఎస్‌డీఏ2, 22.04లో ఎస్‌డీఏ3 ఉంటుంది. మీ దగ్గర ఏదుందో అదే వాడండి, నేను రాసిన నంబర్‌ని కాపీ కొట్టకండి. ఎస్‌డీఏ 60 చూపించకుండా ఇంకా 25 అంటుంటే మొదటి మెట్టే అవ్వలేదు, స్నాప్‌షాట్‌ల సెక్షన్‌కి వెనక్కి వెళ్లండి.

రూట్ పార్టిషన్ చివరిది అయితే రెండు కమాండ్ల పని. "సుడో గ్రోపార్ట్ /డెవ్/ఎస్‌డీఏ 2". ఎస్‌డీఏకి, 2కి మధ్య ఖాళీ ఉండాలి, ఎక్కువమంది తప్పు కొట్టేది ఇక్కడే. ఇది ప్రహరీ జరపడం. తర్వాత "సుడో రీసైజ్2ఎఫ్‌ఎస్ /డెవ్/ఎస్‌డీఏ2". ఇక్కడ ఖాళీ ఉండకూడదు. ఇది హాల్ పొడిగించడం. మెషీన్ నడుస్తుండగానే అయిపోతుంది, రీస్టార్ట్ కూడా అక్కర్లేదు. గ్రోపార్ట్ లేదంటే "క్లౌడ్ గెస్ట్ యుటిల్స్" అనే ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసుకోండి, పదాల మధ్య హైఫన్‌లతో.

డిస్క్ మరీ పూర్తిగా నిండిపోతే గ్రోపార్ట్ కూడా ఫెయిలవుతుంది. టెంప్ ఫోల్డర్‌లో అది ఒక చిన్న ఫోల్డర్ తయారుచేసుకోవాలి, దానికీ చోటు లేదంటుంది. చోటు పెంచడానికే చోటు కావాలన్నమాట! ఏదైనా ఒక పెద్ద పనికిరాని ఫైల్ తీసేసి మళ్లీ కొట్టండి.

టెర్మినల్ అంటే భయమా? జీపార్టెడ్ యాప్ ఇన్‌స్టాల్ చేసుకోండి. తెరవగానే, డిస్క్‌లో ఉన్న స్థలం మొత్తం వాడుకలో లేదు, జీపీటీని సరిచేయమంటారా అని ఒక మెసేజ్ రావచ్చు. భయపడకండి, ఫిక్స్ కొట్టండి. జీపీటీ పద్ధతిలో పార్టిషన్ పట్టిక కాపీ ఒకటి డిస్క్ చివర్లో ఉంటుంది. డిస్క్ పెరిగింది కాబట్టి ఆ కాపీ ఇప్పుడు మధ్యలో పడింది, దాన్ని కొత్త చివరికి జరుపుతానంటోంది. అంతే. తర్వాత రూట్ మీద రైట్ క్లిక్, రీసైజ్, కుడి అంచు చివరిదాకా లాగడం, పైన ఆకుపచ్చ టిక్. జీపార్టెడ్ ప్రహరీ, హాల్ రెండూ కలిపి చేసేస్తుంది.

మధ్యలో స్వాప్ అడ్డం వస్తే

సెక్యూరిటీ ల్యాబ్ కోసం కాలి లినక్స్, లేదా డెబియన్ ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్లకి ఈ ఇబ్బంది ఎక్కువ. ఉబుంటు 17.04 నుంచి స్వాప్ అనేది పార్టిషన్ కాదు, ఒక మామూలు ఫైల్. కానీ డెబియన్ తరహా ఇన్‌స్టాలర్‌లో రూట్ ముందు, స్వాప్ తర్వాత, కొత్త ఖాళీ ఆ తర్వాత. పక్క ప్లాటు కొన్నారు కానీ మధ్యలో వేరేవాళ్ల బావి ఉంది. ప్రహరీ ఎలా జరుపుతారు?

ముందు బావిని అవతలికి జరపాలి. దీనికి జీపార్టెడ్ లైవ్ అనే ఐఎస్ఓ డౌన్‌లోడ్ చేసి, మెషీన్ సెట్టింగ్స్ స్టోరేజ్‌లో సీడీ డ్రైవ్‌లో పెట్టి, దాంతో బూట్ చేయండి. అక్కడ ఎస్‌డీఏ2 అనే ఎక్స్‌టెండెడ్ పార్టిషన్, దాని కడుపులో ఎస్‌డీఏ5 స్వాప్ కనిపిస్తాయి. స్వాప్ పక్కన తాళం గుర్తు ఉంటే రైట్ క్లిక్ చేసి స్వాప్ఆఫ్ కొట్టండి. తర్వాత వరుస తప్పకుండా: ఎక్స్‌టెండెడ్‌ని కుడివైపు చివరిదాకా పెంచాలి, లోపలి స్వాప్‌ని కుడి చివరికి జరపాలి, ఎక్స్‌టెండెడ్ ఎడమ అంచుని స్వాప్ దాకా తగ్గించాలి, ఇప్పుడు రూట్ పక్కనే ఖాళీ వచ్చింది కాబట్టి రూట్‌ని పెంచాలి. అన్నీ వరుసలో పెట్టి ఒకేసారి అప్లై కొట్టొచ్చు.

కొన్ని వీడియోల్లో స్వాప్‌ని డిలీట్ కొట్టి తర్వాత కొత్తది చేసుకోమంటారు. అదీ పనిచేస్తుంది. కానీ కొత్త స్వాప్‌కి కొత్త యూయూఐడీ వస్తుంది, ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో పాతది మార్చాలి, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో రిజ్యూమ్ సెట్టింగ్ కూడా మార్చాలి. మర్చిపోతే ప్రతి బూట్‌లో లేని డివైస్ కోసం అరనిమిషం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. జరపడమే నయం.

ఎల్‌వీఎం ఉంటే

ఎల్‌ఎస్‌బీఎల్‌కేలో రూట్ పక్కన ఎల్‌వీఎం అని ఉంటే మధ్యలో ఇంకో పొర ఉన్నట్టు. డిస్క్ పెంచి వస్తుంటే ముందు గ్రోపార్ట్, తర్వాత "సుడో పీవీరీసైజ్" ఆ పార్టిషన్ పేరుతో. వీజీఎస్‌లో ముందే ఖాళీ ఉన్నవాళ్లకి ఈ రెండూ అక్కర్లేదు. చివరికి "సుడో ఎల్‌వీఎక్స్‌టెండ్ హైఫన్ ఆర్ హైఫన్ ఎల్ +100%ఫ్రీ", పక్కన డీఎఫ్‌లో రూట్ దగ్గర కనిపించే ఆ పొడుగు మ్యాపర్ పేరు. అందులో ఎల్ చిన్న అక్షరం, ఫ్రీ మాత్రం పెద్ద అక్షరాల్లో. హైఫన్ ఆర్ పెట్టడం వల్ల ఫైల్ సిస్టమ్ కూడా తనే పెంచేస్తుంది.

గెస్ట్ విండోస్ అయితే

విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌టెండ్ వాల్యూమ్ కొడితే అయిపోవాలి. కానీ చాలాసార్లు ఆ ఆప్షన్ బూడిద రంగులో చచ్చి పడుంటుంది. కారణం మళ్లీ బావే. సీ డ్రైవ్‌కి, కొత్త ఖాళీకి మధ్యలో ఐదారు వందల ఎంబీల రికవరీ పార్టిషన్ ఉంటుంది.

అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి "రీఏజెంట్‌సీ /డిసేబుల్" కొట్టండి. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ చేయండి, లేదంటే ఫాస్ట్ స్టార్టప్ వల్ల డిస్క్ సగం నిద్రలో ఉండి జీపార్టెడ్ ముట్టుకోనివ్వదు. జీపార్టెడ్ లైవ్‌తో బూట్ చేసి రికవరీ పార్టిషన్‌ని కుడి చివరికి జరపండి. మళ్లీ విండోస్‌లోకి వచ్చి సీ డ్రైవ్‌ని ఎక్స్‌టెండ్ చేసి, "రీఏజెంట్‌సీ /ఎనేబుల్" కొట్టండి. విండోస్ 11 గెస్ట్‌లో బిట్‌లాకర్ ఆన్ అయి ఉందేమో ముందే చూసి, రికవరీ కీ బయట ఎక్కడైనా రాసిపెట్టుకోండి.

రేపే రివ్యూ అయితే పార్టిషన్ల జోలికి పోకండి

రాత్రి పదకొండు అయింది, పొద్దున తొమ్మిదికి డెమో, బ్యాకప్ తీసుకోవడానికి చోటు లేదు. అప్పుడు నేనైతే ఉన్న డిస్క్‌ని కదిలించను. మెషీన్ సెట్టింగ్స్ స్టోరేజ్‌లో సాటా కంట్రోలర్ కింద ఇంకో కొత్త 30 జీబీ డిస్క్ తగిలించేస్తా. పాతదాన్ని ముట్టుకోవడమే లేదు కాబట్టి పోయేది ఏమీ ఉండదు. స్నాప్‌షాట్‌లున్నా, వీఎండీకే అయినా ఇది నడుస్తుంది.

ఉబుంటులో డిస్క్స్ యాప్ తెరిస్తే కొత్తది ఎస్‌డీబీ అని కనిపిస్తుంది. సైజ్ చూసి అదే అని నిర్ధారించుకున్నాకే ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేయండి. బూట్‌లో దానంతట అది మౌంట్ అవ్వడానికి ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో రాసేటప్పుడు "నోఫెయిల్" అనే ఆప్షన్ చేర్చండి. అప్పుడు ఆ డిస్క్ ఏ కారణంగానైనా లేకపోయినా ఉబుంటు బూట్ ఆగదు. డేటాసెట్‌లు, పాత మోడల్ ఫైళ్లు అక్కడికి తరలిస్తే రూట్‌లో ఊపిరి ఆడుతుంది. డాకర్‌ని మొత్తంగా తరలించాలంటే డీమన్ జేసన్ ఫైల్‌లో డేటా రూట్ అనే సెట్టింగ్ ఉంది, కానీ అది డెమో అయ్యాక చూసుకోండి.

విండోస్ ఫోల్డర్‌ని షేర్డ్ ఫోల్డర్‌గా పెట్టి అందులో ప్రాజెక్ట్ నడపొచ్చు కదా అని కొందరు అడుగుతారు. పీడీఎఫ్‌లు, వీడియోలు పెట్టుకోవడానికి ఓకే. డేటాబేస్ ఫైళ్లు, నోడ్ మాడ్యూల్స్ మాత్రం పెట్టకండి. సింబాలిక్ లింకులు, పర్మిషన్ల దగ్గర తన్నుకుంటుంది.

వర్చువల్‌బాక్స్ కాకుండా వేరేది వాడేవాళ్లకి

వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో 2024 నవంబర్ నుంచి అందరికీ ఫ్రీ కాబట్టి ఇప్పుడు చాలామంది అటు వెళ్తున్నారు. అందులో మెషీన్ సెట్టింగ్స్, హార్డ్ డిస్క్, ఎక్స్‌పాండ్. స్నాప్‌షాట్‌లు ఉంటే అసలు ఒప్పుకోదు, ముందు తీసేయమంటుంది. హైపర్‌వీలో ఎడిట్ డిస్క్, ఎక్స్‌పాండ్. అయితే విండోస్ హోమ్ ఎడిషన్‌లో హైపర్‌వీ మేనేజర్ రాదు. ఎందులో చేసినా లోపలి రెండు మెట్లూ పైన చెప్పినవే.

డబ్ల్యూఎస్‌ఎల్2 వాడేవాళ్లకి పెంచే బాధ దాదాపు లేదు. దాని వర్చువల్ డిస్క్ పరిమితి ఇప్పుడు డిఫాల్ట్‌గా 1 టీబీ. వాళ్ల బాధ దీనికి రివర్స్. లోపల 40 జీబీ డిలీట్ చేసినా విండోస్‌లో ఫైల్ అలాగే ఉంటుంది. "డబ్ల్యూఎస్‌ఎల్" పక్కన "షట్‌డౌన్" ఆప్షన్ కొట్టి, డిస్క్‌పార్ట్‌లో ఆ వీహెచ్‌డీఎక్స్ ఫైల్‌ని ఎంచుకుని "కాంపాక్ట్ వీడిస్క్" కొడితే తగ్గుతుంది.

వర్చువల్‌బాక్స్ డైనమిక్ డిస్క్‌ది కూడా అదే గుణం. పెరిగిన ఫైల్ తనంతట తాను తగ్గదు. లోపల రికవరీ మోడ్‌లో రూట్‌ని రీడ్ ఓన్లీగా పెట్టి "జీరోఫ్రీ" నడిపి, షట్‌డౌన్ చేసి, బయట వీబాక్స్‌మేనేజ్ మోడిఫైమీడియంకి "కాంపాక్ట్" ఆప్షన్ ఇవ్వాలి. ఫైల్ ఖాళీ బ్లాకులను వదిలేసి చిన్నదవుతుంది. 60 జీబీ అనే పరిమితి మాత్రం మారదు. ఖాళీని జీరోలతో నింపడానికి ఒక పెద్ద ఫైల్ రాసి డిలీట్ చేయమని చెప్పే చిట్కా కూడా ఉంది. హోస్ట్‌లో చోటు తక్కువ ఉన్నవాళ్లు దాని జోలికి వెళ్లకండి. తగ్గే ముందు డిస్క్ ఫైల్ దాదాపు పూర్తి సైజుకి ఉబ్బిపోవచ్చు.

అన్నీ అయ్యాక డీఎఫ్ హైఫన్ హెచ్ కొట్టి కొత్త సైజ్ కనిపిస్తోందా చూసి, ఒకసారి రీస్టార్ట్ చేసి, ప్రాజెక్ట్‌ని మొదటి నుంచి చివరిదాకా నడిపి చూడండి. బ్యాకప్ కాపీని మాత్రం రివ్యూ అయిపోయే దాకా ఉంచండి.